ముక్కున పట్టిన చదువు

జూన్ నెల. మొఖోట్లాంగ్ కొండల మీద మంచు.
మా బడికి తొమ్మిది పలకలు వచ్చాయి,
గాజు పలకలు,
గుర్రం మీద, మొక్కజొన్నపిండి బస్తాకీ
కిరసనాయిలు డబ్బాకీ మధ్య ఇరుక్కుని.
తెచ్చిన లెబాకా సంతకం పెట్టించుకుని
"పగిలితే నీ జీతంలోంచే, పంతులమ్మా" అన్నాడు.
గుర్రం మాత్రం ఏమీ అనలేదు.

పిల్లలు ముప్పై నలుగురు.
తొమ్మిది పలకల్ని ముప్పై నలుగురికి ఎలా పంచాలో
పలకలోని లెక్కల పాఠంలో లేదు.
ఇరవై తొమ్మిదేళ్ళు సుద్దముక్క అరగదీసిన దాన్ని,
నాకు తెలిసిన భాగహారం ఒకటే:
దగ్గరగా జరగండి.

జరిగారు.
ఒక్కో వెలుగు చుట్టూ నాలుగేసి కంబళ్ళు,
పేడపొగ వాసన, తడి ఉన్ని వాసన,
ఎవరిదో కారుతున్న ముక్కు.

రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని
రేకుల కప్పు ఎక్కుతాను,
సౌరఫలకం మీది మంచు ఊడవడానికి.
ఎండ కాస్తే పలక.
మబ్బు పడితే మళ్ళీ నేనే.

మొట్లలెపులాకి పద్నాలుగేళ్ళు.
మొన్నటిదాకా మంద వెంట ఉన్నాడు.
తమ్ముడికి కర్ర అందించి ఈ ఏడే బడికొచ్చాడు.
ఒకటో తరగతి బల్ల మీద కూర్చుంటే
మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.

"నీ పేరులో మొదటి అక్షరాన్ని వేలితో దిద్దు" అంది పలకలోని గొంతు,
ఎక్కడో వెచ్చని గదిలో కూర్చుని పలికిన గొంతు.
చిన్నపిల్లలు దిద్దారు. తెర మీద చుక్కలు పూశాయి.
మొట్లలెపులా దిద్దాడు.
పలక పలకలేదు.

ఆ వేలిని గొర్రెలు ఎరుగును.
రాత్రి కాపలా కుక్క ఎరుగును.
ఈనలేక తన్నుకునే మేక కడుపులో
అడ్డం తిరిగిన పిల్ల ఎరుగును.
చలికి పగిలి, గిట్టలా గట్టిపడ్డ ఆ వేలిని
గాజు ఎరగదు.

"మళ్ళీ ప్రయత్నించు."
నోటి ఆవిరి ఊదుకున్నాడు. కంబళికి రుద్దుకున్నాడు.
"మళ్ళీ ప్రయత్నించు."
బొటనవేలు. ఎడమచెయ్యి. చిటికెనవేలు.
"మళ్ళీ ప్రయత్నించు."
మనిషైతే ఆరోసారికి గొంతు మారేది,
విసుగుతోనో, జాలితోనో.
ఆ తియ్యదనం చెక్కుచెదరలేదు.
అదే నాకు ఒళ్ళు మండించింది.

నల్లబల్ల దగ్గరికి పిలుద్దామని
సుద్దముక్క తీశాను.
ఈలోగా వంగాడు వాడు,
నీళ్ళు తాగే గుర్రంలా,
తెరకి ముక్కు ఆనించాడు.

వాడి పేరు ఎమ్‌తో మొదలు.
రెండు కొండలు, నడుమ ఒక లోయ.
రోజూ ఎక్కి దిగే దారే కదా,
ముక్కు ఎక్కింది, దిగింది,
మళ్ళీ ఎక్కింది, తూలకుండా దిగింది.
చుక్కలు పూశాయి.
ముప్పై ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు,
ముందు వాడి మీద, తర్వాత వాడితో.

ముక్కున పట్టకండి, బుర్రకెక్కించుకోండి అని
ఇన్నేళ్ళుగా తిట్టిన నోరు నాది.
ముక్కు మీద వేలేసుకుని నిలబడ్డాను.

మర్నాటికి క్లాసంతా ముక్కులే.
సాయంత్రం శాలువా కొంగుతో
తొమ్మిది తెరలూ తుడవలేక చచ్చాను.
ఒకదాన్ని వదిలేశాను, ఎందుకో చెప్పను.

నెలాఖరుకి ఫారం నింపాలి.
విద్యార్థి దేనితో రాశాడు: వేలు, కలం, ఇతరం.
ఇతరం దగ్గర ముక్కు అని రాశాను.

మసేరు నుంచి ఆఫీసరు ఫోన్ చేశాడు.
సిగ్నల్ అందేది గొర్రెల దొడ్డి వెనక బండ మీదే,
అక్కడ, ఎదురుగాలిలో నిలబడి విన్నాను.
"ఇక్కడేదో అక్షరదోషం ఉన్నట్టుంది, మేడమ్."
"లేదండీ, అక్షరం సరిగ్గానే వచ్చింది."
ఇంకా ఏదో అడిగాడు, గాలి పట్టుకుపోయింది.

పదకొండు అక్షరాల పేరు.
ఇంకా నాలుగు మిగిలాయి.
వానతో వచ్చినవాడని దానికి అర్థం.
శుక్రవారం దాకా, దేవుడా,
ఎండ కాయనీ.